వేళ్ల మధ్య తడి

మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం అమ్మ ఫోన్ చేసి, "కాళ్ల అంకుల్ పోయారే," అంది. గుండెపోటట. ఇంటి ముందు మంచు ఎత్తుతూ, పార గోడకు ఆనించి, కాసేపు మెట్ల మీద కూర్చున్నారట. మళ్లీ లేవలేదట. నేను హాస్పిటల్ కెఫెటేరియాలో సగం తిన్న శాండ్‌విచ్ ముందు కూర్చుని ఉన్నాను. ఏ అంకుల్ అని అడగాల్సిన పని లేకపోయింది.

షికాగో పక్కన షామ్‌బర్గ్ చుట్టుపక్కల మా తెలుగువాళ్లలో ప్రతి అంకుల్‌కూ ఒక తోకపేరు ఉండేది. ట్యాక్స్ అంకుల్, క్రికెట్ అంకుల్, బిర్యానీ అంకుల్. పెట్టేది మేమే, పిల్లలం. పెద్దవాళ్లు మొదట కసురుకుని, తర్వాత వాళ్లూ అదే పేరుతో చెప్పుకునేవాళ్లు. ఈయనకు కాళ్ల అంకుల్ అని పేరు పెట్టిన ఘనత మాత్రం అచ్చంగా నాదే. అప్పట్లో అది చాలా తమాషాగా ఉందనుకున్నాను.

ఆయన వరంగల్ వైపు డాక్టరు. అక్కడ ఆరేడేళ్లు ప్రాక్టీసు చేశారు. ఆంటీకి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో వెంట వచ్చారు. ఇక్కడ డాక్టరీ చెయ్యాలంటే మళ్లీ మొదటినుంచీ పరీక్షలు రాయాలి. ఒకటి గట్టెక్కారు, రెండోది కొద్దిలో పోయింది, మళ్లీ రాశారు, మళ్లీ పోయింది. ఈలోగా వారంలో ఐదు రోజులు ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగానికి కుదిరారు. పరీక్ష పుస్తకాలు మాత్రం కారు డిక్కీలోంచి తియ్యలేదు. లంచ్ టైములో చదువుకుంటానని అనేవారు. ఆ కారు డిక్కీలో కిరాణా సంచులు పెట్టడానికి చోటు ఉండేది కాదని ఆంటీ ఫిర్యాదు.

శనివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మాత్రం ఆయన పక్క ఊళ్లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఉండేవారు. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు అక్కడ ఉచితంగా వైద్యం చేసేవాళ్లు. టాక్సీ నడిపేవాళ్లు, ఇళ్లు తుడిచేవాళ్లు, రెస్టారెంట్ వంటగదుల్లో రోజంతా నిలబడేవాళ్లు వచ్చేవాళ్లు. నెలకోసారి ఒక పెద్ద డాక్టరు వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్లేవాడు. మిగతా పని నర్సులదీ వాలంటీర్లదీ. ఒక మూల, బాయిలర్ గది తలుపు పక్కన, రెండు ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక కుర్చీ, ఒక తెల్ల టబ్బు. అది ఆయన చోటు. షుగరున్నవాళ్ల కాళ్లు కడిగి, తుడిచి, చూసి, గోళ్లు తీసేవారు. ఆయన మెళ్లో వేలాడే బ్యాడ్జీ మీద పేరు కూడా ఉండేది కాదు, వాలంటీర్ అని ఒక్క మాటే. ఎవరైనా డాక్టర్ అని పిలిస్తే ఆయన జవాబు చెప్పేవారు కాదు. చూపుడువేలి గోటితో ఆ బ్యాడ్జీ మీద రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి, పనిలో పడిపోయేవారు.

నేను అక్కడికి సేవ చెయ్యాలని వెళ్లలేదు. గంటల కోసం వెళ్లాను.

ఈ గంటల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఇక్కడ మెడికల్ కాలేజీలో సీటు కావాలంటే మార్కులు చాలవు. డాక్టర్ల వెనకాల తిరిగి చూసి ఉండాలి, ఎవరికో ఏదో ఒక సేవ చేసి ఉండాలి, చేశామని ఎవరో ఒకరు ఉత్తరం రాసి ఇవ్వాలి. మనసుకు నచ్చిన పని ఎంచుకొమ్మని కాలేజీ వాళ్లు చెప్తారు. మనవాళ్లు దాన్ని మన ఎంసెట్ పద్ధతిలోకి మార్చుకున్నారు. ఎవరింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా పప్పు గిన్నె దగ్గర ఇద్దరు ఆంటీలు, మీవాడికి ఎన్ని గంటలయ్యాయంటే మీ అమ్మాయికి ఎన్నయ్యాయని వాకబు చేసుకునేవాళ్లు. మా ఫ్రిజ్ మీద అమ్మ ఒక కాగితం అంటించింది. అందులో హాస్పిటల్ ఒక గడి, రీసెర్చి ఒక గడి, సమాజ సేవ ఒక గడి. మూడో గడి ఖాళీగా ఉందని ఆవిడకు నిద్ర పట్టేది కాదు. నేను తెనాలిలో ఏడో తరగతి దాకా చదివి, పదమూడో ఏట ఇక్కడికి వచ్చాను. కాలేజీ రెండో సంవత్సరం అయ్యేసరికి మాకు గ్రీన్‌కార్డు వచ్చింది. అది లేనిదే మెడికల్ కాలేజీలు చాలావరకు అప్లికేషనే చూడవు కాబట్టి, వచ్చిన మరుసటి వారమే అమ్మ మూడో గడి మీద పడింది.

పెద్ద హాస్పిటల్‌లో వాలంటీర్లకు వెయిటింగ్ లిస్ట్ ఉంది. చర్చి క్లినిక్‌లో లేదు. అంతకుమించి నా ఎంపికలో ఏమీ లేదు.

మొదటి శనివారం నన్ను చూడగానే ఆయన పేరు అడగలేదు. నా షూస్ వైపు చూసి, బిగుతైనయ్ గదా, అన్నారు. తర్వాత రోగులు కూర్చునే కుర్చీ చూపించి కూర్చోమన్నారు. షూస్, సాక్స్ విప్పమన్నారు. నాకు అర్థమయ్యేలోపు ఆయన కింద స్టూలు మీద కూర్చుని నా కుడికాలు పట్టుకుని టబ్బులో పెట్టారు.

మా నాన్నకన్నా పెద్దవాడు నా కాళ్లు కడగడం. మనం పొరపాటున పెద్దవాళ్లకు కాలు తగిలితేనే చేత్తో తాకి కళ్లకద్దుకుంటాం. నేను కాలు లాక్కున్నాను, నీళ్లు ఆయన స్వెటర్ మీద చిందాయి. ఆయన నవ్వారు. పెండ్లిల అల్లుని కాళ్లు కడుగుతరు గదా, గట్లనే అనుకో, అన్నారు. నేను సిగ్గుతో తలెత్తలేదు. కడగడం అయ్యాక తువ్వాలు మడిచి ఒక్కో వేలి మధ్యా తుడుస్తూ అప్పుడు చెప్పారు.

"గీ కుర్సీల కూసున్న ప్రతోళ్లకు గిదే సిగ్గు ఉంటది బిడ్డా. నీకు తెల్వాలని చేసిన."

ఇంటికి వచ్చి అమ్మకు చెప్తే, ఆయనకేమైనా పిచ్చా అంది. మూడో గడిలో నాలుగు గంటలు వేసుకుంది.

ఆయన పనికి ఒక వరస ఉండేది. అది ఎప్పుడూ తప్పేది కాదు. ముందు మనిషి మొహం చూసేవారు కాదు, బూట్లు చూసేవారు. బూటులోపలికి చెయ్యి పెట్టి అడుగంతా తడిమేవారు. షుగరు ముదిరినవాళ్ల పాదాలకు స్పర్శ ఉండదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. ఒకసారి ఒక టాక్సీ డ్రైవర్ బూటులోంచి సీసా మూత తీశారు. వారం నుంచి దాని మీదే నడుస్తున్నాడు పాపం. తర్వాత నీళ్లు. వేడి ఎంతుందో ముంజేతిని ముంచి ఆయనే చూసేవారు, రోగిని చూడనిచ్చేవారు కాదు. కడగాలి గానీ నానబెట్టకూడదు. తర్వాత వేళ్ల మధ్య తడి లేకుండా తుడవడం. ఇదే అసలు పని అన్నట్టు చేసేవారు. తర్వాత కళ్లు మూసుకోమని, చిన్న నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకి, తగిలిందా అని అడగడం. తగిలిందని చెప్పినచోటల్లా ఆయన మొహం వెలిగేది, రోగికి కాదు, తనకే ఏదో తిరిగొచ్చినట్టు. చివర్న గోళ్లు, నిటారుగా, మూలలు లోపలికి కొయ్యకుండా.

మొహం చూస్తే ఏం తెలుస్తది, మొహం అబద్ధం చెప్తది, కాళ్లు చూడు అనేవారు. ఎవరైనా బాగున్నానంటే నమ్మేవారు కాదు.

పదకొండింటికి డబ్బా తెరిచేవారు. ఆంటీ చేసిన సర్వపిండి, బియ్యప్పిండి రొట్టె. చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, ముక్కలు చేసి వెయిటింగ్ రూమంతా పంచేవారు. స్పానిష్ మాట్లాడే ఒక ముసలావిడ దాన్ని గట్టి పిజ్జా అనేది. తినేటప్పుడు కూడా ఆయన కళ్లు ఎదుటివాళ్ల నడక మీదే ఉండేవి. ఆయన భరించలేని విషయం ఒక్కటే, గంటలు. నా కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టేవారు గానీ, అంకె చదవకుండా, చేదు మందు మింగినట్టు మొహం చేసి పెట్టేవారు.

నాలుగు నెలలకు నాకు పని వచ్చేసిందనుకున్నాను. రెండో స్టూలు నాదైంది. నాకంటూ కొందరు వచ్చేవాళ్లు. వాళ్లలో నెల్లూరు వైపాయన ఒకరు, ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేసేవారు. రోజుకు పన్నెండు గంటలు తడి నేల మీద నిలబడేవారు. నన్ను పాపా అని పిలిచేవారు. నాకు ఇవ్వాలని చిన్న డబ్బాలో ఏదో ఒకటి తెచ్చేవారు, తీసుకోకూడదని అంకుల్ చెప్పినా వినేవారు కాదు.

ఒక శనివారం పన్నెండున్నరకు నాకు ఎంట్రన్స్ కోచింగ్ ఉంది. వంటాయన వచ్చేసరికే పన్నెండు. గబగబా కడిగాను, తుడిచాను, నైలాన్ పోగు ఆడించాను, గోళ్లు తీశాను. అంతా బాగానే ఉందండి అని చెప్పి, కోటు వేసుకుని బయటికి వెళ్లి కార్ స్టార్ట్ చేశాను. అద్దం మీద ఎవరో తట్టారు. అంకుల్. ఆ చలిలో కోటు లేకుండా, చేతులకు గ్లవ్స్‌తో. "జర లోపటికి రా బిడ్డా," అన్నారు.

వంటాయన ఇంకా కుర్చీలోనే ఉన్నారు. అంకుల్ ఆయన ఎడమకాలి చిటికెనవేలిని పక్కకు జరిపి పట్టుకున్నారు. లోపల చర్మం తెల్లగా నాని, పగిలి, పగుల్లో ఎర్రగా కనిపించింది. నేను ఆ రెండు వేళ్ల మధ్య చూడలేదు. తుడిచిన గుర్తు కూడా లేదు.

"నువ్వు ఈయన కాళ్లు చూడలే. గడియారం చూసినవ్," అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

నేను మళ్లీ గ్లవ్స్ వేసుకున్నాను. మళ్లీ కడిగాను. కళ్లలోంచి నీళ్లు టబ్బులో పడుతుంటే, వంటాయనే నన్ను ఓదార్చారు, నాకసలు నొప్పే లేదు పాపా అని. నొప్పి లేకపోవడమే జబ్బని ఆయనకు తెలియదు. నర్సు మందు రాసి కట్టు కట్టింది. ఆ రెండు వేళ్లూ మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే ఏమై ఉండేదో ఇప్పుడు నాకు బాగా తెలుసు. అలా ఆగిపోయినవాళ్ల కాళ్లను ఇప్పుడు వార్డులో రోజూ చూస్తున్నాను.

ఆ రోజు కోచింగ్‌కు వెళ్లలేదు. ఆ తర్వాత అంకుల్ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. కానీ నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. శనివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మూడు వారాలు మరిచిపోయాను. అమ్మ కేకలేసింది. నిజంగా చేసిన పని అంటూ నాకు ఏదైనా ఉంటే అది ఆ ఏడాదే. గంటల కోసం వెళ్లినదాన్ని గంటలు మరిచిపోయేదాకా వచ్చాను. అక్కడే ఆగి ఉంటే ఈ రాత రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

అప్లికేషన్లు పంపే వేసవి వచ్చింది. ఉత్తరాలు కావాలి. అంకుల్‌ను నేను అడగలేదు, ఆయనే ఇచ్చారు. ఒక శనివారం డబ్బా మూత పెట్టి, స్వెటర్ జేబులోంచి మడత పెట్టిన రూళ్ల కాగితం తీసి, మీ కాలేజీ ఆఫీసుల ఇచ్చెయ్యి అన్నారు. కవర్లో పెట్టి అంటించాలి అంకుల్, నేను చదవకూడదు అన్నాను. నీ గురించి రాసింది నీకు తెల్వకుంటె ఎట్ల, చదువుకో అన్నారు.

కార్లో కూర్చుని చదివాను. ఇంగ్లిష్‌లో, గుండ్రటి చేతిరాతతో, చిన్నచిన్న వాక్యాలు. తెలుగులో చెప్తే ఇంతే ఉంది:

"ఈ అమ్మాయి ఏడాదికి పైగా నా పక్కన పనిచేసింది. మొదట్లో గడియారం చూసేది. ఒకరోజు ఒక మనిషి వేళ్ల మధ్య పుండును చూడకుండా వదిలేసింది. నేను వెనక్కి పిలిచాను. వచ్చింది. ఏడ్చింది గానీ సాకులు చెప్పలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క వేలు కూడా వదల్లేదు. నాకు షుగరు వస్తే నా కాళ్లు ఈ అమ్మాయికి చూపించుకుంటాను. ఇంకేమైనా తెలుసుకోవాలంటే ఫోన్ చెయ్యండి. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లో ఉంటాను."

కింద ఇంటి ఫోన్ నంబరు, సంతకం. సంతకం కింద, వాలంటీర్.

మొదట గర్వంగా అనిపించింది, అది నిజం. కానీ ఇల్లు చేరేసరికి అది భయంగా మారింది. అమ్మ రెండుసార్లు చదివి, కాగితాన్ని వేడి గిన్నె దించినట్టు టేబుల్ మీద పెట్టింది.

"తప్పు చేశావని రాసిన కాగితం మన చేతుల్తో మనమే పట్టుకెళ్లి ఇస్తామా?" అంది. "అయినా ఆయన ఇక్కడ డాక్టరు కాదు కదే. వాలంటీర్ అని రాసుకున్నాడు పాపం."

అమ్మను తప్పు పట్టను. పదో తరగతి మార్కుల లిస్టులో ఒక్క సబ్జెక్టు తగ్గితే దాచిపెట్టుకునే చోటినుంచి వచ్చాం మేము. కాగితం మీద మచ్చ ఉండకూడదని మాకు తెలిసినంత బాగా ఇంకేదీ తెలియదు. పైగా అమ్మ చెప్పినప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని దారంతా నేనే అనుకున్నాను.

నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరును అడిగాను. ఆయనకు నా పేరు తెలియదు. నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను అన్నాడు. రాసుకున్నాను. కరుణ, అంకితభావం, నాయకత్వం, అన్నీ నాకు నేనే ఇచ్చుకున్నాను. అంకుల్ ఉత్తరం అమ్మ దాచే ఫైల్లోకి పోయింది. అప్లికేషన్ వెళ్లిపోయాక, మూడో గడి నిండిపోయింది గదా అని, పరీక్షలు వంక పెట్టి శనివారాలు మానేశాను. కొన్నాళ్లపాటు నా స్టూలు అలాగే ఉంచారని, వంటాయన వచ్చినప్పుడల్లా పాప రాలేదా అని అడిగేవారని తర్వాత నర్సు చెప్పింది.

ఇంటర్వ్యూలో వాళ్లు నన్ను అడిగిన రెండో ప్రశ్న, నువ్వు చేసిన ఒక తప్పు గురించి చెప్పమని. జవాబు మా ఇంట్లో ఫైల్లో ఉంది. నేను మాత్రం, మరీ ఎక్కువ పని నెత్తిన వేసుకుంటానండి అని, ఇంటర్నెట్‌లో నేర్చుకున్న తప్పు చెప్పాను. వాళ్లు ఏదో రాసుకున్నారు. సీటు మాత్రం వెంటనే ఇవ్వలేదు. వెయిటింగ్ లిస్ట్‌లో పెట్టి, మే నెలలో పిలిచారు.

అమ్మ సున్నుండలు చేసి ఇచ్చి, నన్ను అంకుల్ వాళ్లింటికి పంపింది. వాళ్ల హాల్లో టీపాయ్ కింద తెలుగు పత్రికలు గుట్టగా ఉండేవి. ఆంటీకి అచ్చులో తెలుగు కనిపిస్తే చాలు, కిరాణా షాపు కరపత్రం కూడా వదలదు. సున్నుండ చేతిలో పట్టుకుని, కొరకకుండా అంకుల్ అడిగారు.

"నా ఉత్తరం చదివిండ్రా బిడ్డా ఆళ్లు?"

చదివారంకుల్ అన్నాను. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు అన్నాను. ఏమడిగిండ్రు అన్నారు ఆయన, ముందుకు వంగి. ఆ వేలి సంగతి అంకుల్, ఉన్నది ఉన్నట్టు చెప్పాను అన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, నా మొహంలో ఏమీ తెలిసి ఉండదు. ఆయన ఆ ఒక్కరోజూ కాళ్ల వంక చూడలేదు, నా మొహమే చూశారు.

ఫోనైతే రాలే మరి, అన్నారు. మళ్లీ తనే, సరేతీ, కాగితం మీదనే నమ్మిండ్రన్నట్టు, అనుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత లేచి, రా బిడ్డా అని నన్ను బయటికి తీసుకెళ్లి, తన కారు డిక్కీ తెరిచారు. పరీక్ష పుస్తకాలన్నీ రెండు చేతులతో ఎత్తి, మూడు విడతలుగా నా కారులో పెట్టారు. అట్టలు ఎండకు వెలిసిపోయాయి. అంచుల నిండా పెన్సిల్ రాతలు. నువ్వు చదువుకో, నాకిగ పని లేదు, అన్నారు. నాకు అవి పాత ఎడిషన్లని, పనికిరావని తెలుసు. థాంక్స్ అంకుల్ అన్నాను. ఆయన ఎందుకు ఇచ్చారని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఖాళీ అయిన డిక్కీ వైపు చూస్తూ గుమ్మంలో నిలబడిన ఆంటీ మొహం కూడా నేను చూడలేదు.

మెడిసిన్ మొదటి సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు అంకుల్ ఇండియన్ గ్రోసరీలో కనిపించారు. బిల్లింగ్ దగ్గరున్న ఆయనకు నన్ను చూపించి, గీ అమ్మాయే, నా ఉత్తరంతోని మెడికల్ కాలేజీకి పోయింది అన్నారు. షాపాయన నాకు చెయ్యెత్తి దండం పెట్టినంత పని చేశాడు. తర్వాత ఆ షాపుకు వెళ్లడం మానేసి, ఇరవై నిమిషాలు ఎక్కువ డ్రైవ్ చేసి ఇంకో షాపుకు వెళ్లేదాన్ని. అమ్మ అడిగితే అక్కడ కూరగాయలు ఫ్రెష్‌గా ఉంటాయని చెప్పాను. ఆయన శనివారాలు క్లినిక్‌కు వెళ్తూనే ఉన్నారని, ఇంకెవరో పిల్లలు నా స్టూలు మీద కూర్చుంటున్నారని విన్నాను. ఒక్కసారి వెళ్లి చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకుంటే సరిపోతుందని కూడా అనుకున్నాను.

ఫ్యునెరల్ హోమ్‌కు అమ్మతో కలిసి వెళ్లాను. చాలామంది వచ్చారు. తెలుగువాళ్లకన్నా చర్చి క్లినిక్ వాళ్లే ఎక్కువ. గట్టి పిజ్జా ముసలావిడ చక్రాల కుర్చీలో వచ్చింది, రెండు కాళ్లకూ శుభ్రమైన సాక్స్‌తో. పెట్టె దగ్గరికి వెళ్లి ఆయన కాళ్లకు దండం పెట్టుకుందామనుకున్నాను. ఇక్కడి పెట్టెలకు రెండు మూతలుంటాయి. పైది తెరుస్తారు, నడుము నుంచి కిందికి మూసే ఉంచుతారు. ఆయన మొహం పౌడరు రాసి, నున్నగా, ఏ చింతా లేనట్టు ఉంది. మొహం చూస్తే ఏం తెలుస్తది. కాళ్లు ఉండాల్సిన చోట చెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

ఆంటీ వచ్చి నా భుజం పట్టుకుంది. పక్కనున్న ల్యాబ్ వాళ్లకు, ఈ అమ్మాయే అని చెప్పింది. వాళ్లందరికీ తెలుసు, తలూపారు. ఈ పదేళ్లలో ఆ ల్యాబ్‌లో ఆ ఉత్తరం సంగతి విననివాళ్లు లేరట. తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఏడవలేదు. చెప్పుకోవాలని ఉన్నట్టుంది.

నీకు సీటు వచ్చినంక ఆయన మళ్లీ పరీక్ష రాయలేదని చెప్పింది. ఇంకొక్కసారి రాయమని తను పోరిందట. నా మాట లోపటికి పోయింది గదా, సాలు, అన్నారట. అప్పట్నుంచి హాయిగా నిద్రపోయేవారట. నేను తల వంచుకుని ఆవిడ చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు అప్లికేషన్ పెట్టిన యేడు మాత్రం నన్ను సతాయించిండు," అంది ఆంటీ, చిన్నగా నవ్వి. "ఆరు కొట్టంగనే ఇంట్ల ఉండేటోడు. ఓవర్‌టైము వద్దన్నడు. పెండ్లిండ్లకు, ఫంక్షన్లకు ఏడు దాటినంకనే పోయినం. ఫోన్ దగ్గరనే కూసునేటోడు, నన్ను మా అక్కతోని మాట్లాడనియ్యకపోతుండె. కాలేజోళ్లు చేస్తరు, ఆ పిల్ల గురించి అడుగుతరు, నేను లేకుంటె ఎట్ల అనేటోడు. ఎండకాలం దాక గట్లనే కూసున్నడు."

 తర్వాత ఆవిడ అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే.

"ఒక్కపారన్న ఎందుకు చెయ్యలేదంటవ్ బిడ్డా ఆళ్లు?"

చెప్పాల్సిన చోటు అదే, క్షణం అదే. ఆయన బతికి ఉండగా చెప్పనిదాన్ని, ఆయన పక్కనే ఉన్నప్పుడైనా చెప్పాల్సింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, ఉత్తరంలోనే అన్నీ ఉన్నాయాంటీ, ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు అన్నాను. ఆవిడ అవునవును అని తలూపింది. ఆ మాటతో ఆవిడ మొహం తేలికపడటం చూశాను.

ఆ సాయంత్రం అమ్మ ఫైలు తెరిచాను. రూళ్ల కాగితం మడతల దగ్గర పచ్చబడింది. ఫోన్ నంబరు చెరిగిపోలేదు. ఇప్పుడు అది నా బ్యాగులో ఉంది. వార్డులో పేషెంట్ల సాక్స్ నేనే విప్పుతాను, వేళ్ల మధ్య చూస్తాను, తుడుస్తాను. నర్సులు ముద్దుగా నవ్వుకుంటారు. అది ఆయన పెట్టిన అలవాటని వాళ్లకు చెప్తుంటాను. కానీ దానివల్ల ఈ బాకీ తీరదని నాకు తెలుసు. ఆరింటికి ఆ ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్న మనిషికి ఆ పని వల్ల ఒక్క ఫోనూ రాదు.

అక్కడ నోరు పెగలని మాట ఇక్కడ అచ్చులో రాస్తున్నాను. అచ్చులో ఉన్న తెలుగు ఏదీ మీరు చదవకుండా వదలరు కదా ఆంటీ. వాళ్లు ఎందుకు ఫోన్ చెయ్యలేదని మీరు అడిగారు. ఆ ఉత్తరం వాళ్లకు అందలేదు. నేను ఇవ్వలేదు.